గడ్డి దున్నిన మడిలో పైరు ఎందుకు పసుపెక్కుతుంది?

"కోత అయ్యాక వరి గడ్డిని కాల్చకుండా మడిలోనే కలియదున్ని, వెంటనే దమ్ము చేసి (నీళ్లు పెట్టి బురదగా దున్ని) నాట్లు వేశాం. పొలానికి బలం వస్తుందనుకుంటే రెండు వారాలకి పైరు పసుపెక్కింది, పిలకలు రాలేదు. సేంద్రియ ఎరువు వేస్తే పైరు దెబ్బతినడమేంటి?" అని ఒక పాఠకుడు అడిగారు. నాకు ఈ ప్రశ్న చాలా నచ్చింది. దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే సేంద్రియ ఎరువునీ రసాయన ఎరువునీ వరిలో కలిపి ఎందుకు వాడాలో దానంతట అదే బయటపడుతుంది.

నత్రజని దేనికి, భాస్వరం దేనికి, పొటాష్ దేనికి అన్నది అందరూ చెప్పేదే, వదిలేద్దాం. అసలు కథ మట్టిలోని సూక్ష్మజీవులది. వాటి ఒంట్లో సుమారు 8 పాళ్ల కార్బన్‌కి 1 పాలు నత్రజని ఉంటుంది. ఎండు వరి గడ్డిలోనేమో 60, 70 పాళ్ల కార్బన్‌కి 1 పాలు. బడిలో నత్రజని చక్రం అని ఒక గుండ్రటి బొమ్మ వేయించి బాణాలు బట్టీ పట్టిస్తారు కానీ, ఏ బాణంలో ఎన్ని కిలోలు కదులుతాయో ఎవరూ లెక్క వేయించరు. ఆ లెక్క వేస్తేనే విషయం అర్థమవుతుంది, అదీ కూడికలూ భాగహారాలూ వస్తే చాలు.

ఒక టన్ను ఎండు గడ్డి తీసుకుందాం. అందులో కార్బన్ సుమారు 400 కిలోలు, నత్రజని 6 కిలోలు. సూక్ష్మజీవులు తిన్న కార్బన్‌లో ఎక్కువ భాగం ఊపిరిగా, అంటే కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. గాలి ఆడే మట్టిలో ఒక 30 శాతం ఒంటికి పట్టిందనుకుందాం, అంటే 120 కిలోలు. 8కి 1 చొప్పున దానికి 15 కిలోల నత్రజని కావాలి. గడ్డిలో ఉన్నది 6 కిలోలే. మిగతా 9 కిలోలు మట్టిలో కరిగి ఉన్న అమోనియం అనే నత్రజని రూపం నుంచి అప్పు తీసుకుంటాయి. వేళ్లకి అందాల్సిన అమోనియమూ అదే. 9 కిలోల నత్రజని అంటే సుమారు 20 కిలోల యూరియా. వేర్లు ఇంకా సరిగ్గా నాటుకోని లేత పైరు కోట్ల కోట్ల సూక్ష్మజీవులతో పోటీపడి గెలవలేదు, అందుకే ముదురాకులు ముందు పసుపెక్కుతాయి.

నీళ్లు నిలబెట్టిన మడిలో ఈ లెక్క కొంచెం మారుతుంది. ఆక్సిజన్ లేనిచోట సూక్ష్మజీవులకి తిన్నదాంట్లోంచి వచ్చే శక్తి తక్కువ, కాబట్టి ఒంటికి పట్టే కార్బన్ సగానికి పడిపోవచ్చు, అప్పు కూడా బాగా చిన్నదవుతుంది. కానీ మాగకుండానే మునిగిన గడ్డి ఆక్సిజన్ లేకుండా కుళ్లేటప్పుడు ఎసిటిక్ లాంటి ఆమ్లాలు పుడతాయి, కొన్ని నేలల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వస్తుంది. మొక్క పీకి చూస్తే వేరు తెల్లగా, కాస్త ఇటుక రంగు పూతతో ఉండాల్సింది నల్లబడి, కోడిగుడ్డు కుళ్లిన వాసన వేస్తుంది. అంటే అప్పు ఒకవైపు, వేరుకి తగిలిన దెబ్బ ఇంకోవైపు.

ఇప్పుడు గడ్డి బదులు జీలుగ (పచ్చిగానే మట్టిలో కలియదున్నే పచ్చిరొట్ట ఎరువు పైరు) పెట్టి అదే లెక్క వేయండి. పూత దశలో కోసిన పచ్చిరొట్ట ఎండు బరువులో టన్నుకి కార్బన్ 400 కిలోలే, నత్రజని మాత్రం 25 కిలోల దాకా ఉంటుంది. సూక్ష్మజీవులకి 15 పోగా 10 కిలోలు మిగిలి పైరుకి అందుతుంది. రెండూ సేంద్రియమే, ఒకటి అప్పు తీసుకునేది, ఒకటి ఇచ్చేది. బాగా మాగిన పశువుల ఎరువు మూడో రకం, దాని అప్పు కుప్పలో ఉన్నప్పుడే తీరిపోయింది, మడిలోకి వచ్చాక నెమ్మదిగా వదులుతూ ఉంటుంది.

మరి యూరియా సంగతి? 46 శాతం నత్రజని, వేసిన కొద్ది రోజుల్లోనే అమోనియం అవుతుంది. కానీ వరి మడిలో వేసిన యూరియా నత్రజనిలో పైరుకి అందేది చాలా చోట్ల 30, 40 శాతమే. ఎండ వేళ మడి నీళ్లలో పాచి కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటుంది, దాంతో నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటుతుంది. పీహెచ్ 7 దగ్గర అమోనియంలో అమోనియా వాయువు రూపం ఒక శాతం కూడా ఉండదు, 9 దగ్గర మూడో వంతు దాటుతుంది, అది గాలిలో కలిసిపోతుంది. ఇంకో దారి కూడా ఉంది. మడి మట్టి పైన కొన్ని మిల్లీమీటర్ల పొరలో మాత్రమే ఆక్సిజన్ ఉంటుంది. అక్కడ అమోనియం నైట్రేట్‌గా మారి, కింద ఆక్సిజన్ లేని పొరలోకి జారి, అక్కడి బ్యాక్టీరియా చేతిలో నత్రజని వాయువై ఎగిరిపోతుంది.

నన్ను అబ్బురపరిచేది ఇక్కడే. ఇందాక మనం తిట్టుకున్న ఆ అప్పే ఇక్కడ పనికొస్తుంది! సేంద్రియ పదార్థంతో పాటు యూరియా కొంత దమ్ములోనే మట్టిలో కలిపేస్తే, సూక్ష్మజీవులు తమకి కావాల్సింది అందులోంచి తీసుకుంటాయి, పైరు వాటా జోలికి అంతగా రావు. అవి ఒంట్లో దాచుకున్న నత్రజని గాలిలోకి పోదు, నీటిలో కొట్టుకుపోదు. వారాల తర్వాత అవి చచ్చి, ఒకదాన్నొకటి తిని, మళ్లీ అమోనియంగా వదులుతాయి, అప్పటికి పైరు పిలకలు దాటి చిరుపొట్ట దశకి (లోపల కంకి మొదలయ్యే దశకి) వస్తూ ఉంటుంది. కాబట్టి రెండు ఎరువులూ కలపడాన్ని ఉత్త కూడికగా చూడకూడదు, ఒకటి ఇంకోదాని నష్టాన్ని తగ్గిస్తుంది. అందుకే మొత్తం నత్రజనిలో నాలుగో వంతు నుంచి సగం దాకా సేంద్రియంగా, మిగతాది యూరియాగా, అదీ విడతలుగా వేయమని చెబుతారు.

సేంద్రియం ఒక్కటే చాలదా అంటే, ఐదు టన్నుల ధాన్యానికి పైరు దాదాపు 80 నుంచి 100 కిలోల నత్రజని తీసుకుంటుంది. పశువుల ఎరువులో నత్రజని అర శాతం. 100 కిలోల కోసం 20 టన్నులు తోలాలి, అందులోనూ తొలి పంటకి అందేది కొంతే. రసాయనం విషం, సేంద్రియం అమృతం అన్న నమ్మకం చూస్తే నాకు బాధేస్తుంది. 1828లోనే వోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రయోగశాలలో యూరియా తయారుచేశాడు, అది మూత్రంలోని యూరియాతో అణువు అణువుకీ సమానం. వరి వేరు ప్రధానంగా పీల్చేది అమోనియం, అది పేడ నుంచి వచ్చిందా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. సేంద్రియం గొప్ప అంతా అది మట్టిలోని జీవులకి తిండి కావడంలో ఉంది, ఆ పని యూరియా ఎన్నటికీ చేయలేదు.

గడ్డి విషయానికొస్తే, కాల్చడం ఎలాగూ వద్దు, పైరు తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది. కోత అవగానే, మట్టి తడిగా ఉండి నీళ్లు నిలవనప్పుడే దున్నేసి, దమ్ముకి కనీసం నెల గడువు ఇవ్వాలి. గాలి ఆడే మట్టిలో అప్పు పెద్దదే కానీ అది నాట్లకి ముందే చాలావరకు తీరిపోతుంది, ఆమ్లాల బాధ ఉండదు, మీథేన్ కూడా చాలా తగ్గుతుంది. నీళ్లలో ముంచిన మాగని గడ్డి మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులకి పండగ, అలాంటి మడిలో అడుగు వేస్తే బుడగలు పైకి తన్నుకొస్తాయి.

చిక్కల్లా అప్పు ఏ రోజు తిరిగొస్తుందో చెప్పలేకపోవడమే, వేడిని బట్టి, నేలను బట్టి వారాల తేడా వస్తుంది. అందుకని పైపాటుగా (ఎదిగే పైరుకి విడతలుగా) వేసే యూరియాకి తేదీలు పట్టుకోకుండా ఆకు రంగు పట్టిక వాడటం మంచిది. కొత్తగా పూర్తిగా విచ్చుకున్న ఆకుల్ని ఒక పది తీసుకుని, మీద మన నీడ పడేలా నిలబడి, పట్టికలోని పచ్చ రంగులతో పోల్చి చూడాలి. సగానికి పైగా ఆకులు ఆ రకానికి చెప్పిన రంగు కన్నా పాలిపోయి ఉంటే యూరియా వేయాలి, లేదంటే మట్టి ఇస్తోందని అర్థం, ఆ విడత ఆపి వారం తర్వాత మళ్లీ చూడొచ్చు.