‘ఈ ఏడాది పదం’ గురించి మనలో ఉన్న అపోహలు - వాస్తవాలు

ఏటా చలికాలం మొదలవగానే ఇంగ్లిష్ నిఘంటువు సంస్థలు ఒకదాని తర్వాత ఒకటి ‘ఈ ఏడాది పదం’ ప్రకటిస్తాయి. మర్నాటికల్లా అది మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు పని చేస్తుంటాను కాబట్టి ఆ రోజుల్లో అందరూ నన్ను ఇవే అడుగుతుంటారు.

అపోహ: ఆ పదం ఆ ఏడాదే పుట్టింది.

చాలాసార్లు కాదు. 2024లో ఆక్స్‌ఫర్డ్ ఎంచుకున్న ‘బ్రెయిన్ రాట్’ను అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1854లోనే ‘వాల్డెన్’లో వాడాడు. బంగాళాదుంప తెగులుకు మందు వెతుకుతున్న ఇంగ్లండులో, అంతకంటే ఎక్కువగా పాకిన ఈ మెదడు తెగులును ఎవరూ పట్టించుకోరా అన్నది ఆయన ప్రశ్న. గంటల తరబడి రీల్స్ చూసి మొద్దుబారే బుర్రలకు ఆ మాట ఇప్పుడు సరిగ్గా సరిపోయింది.

మెరియం-వెబ్‌స్టర్ 2022 పదం ‘గ్యాస్‌లైటింగ్’ 1938 నాటి ‘గ్యాస్ లైట్’ అనే నాటకం నుంచి వచ్చింది. భార్యకు మతి చలించిందని ఆమెనే నమ్మించాలని చూసే భర్త కథ అది. అదే సంస్థ 2025లో ఎంచుకున్న ‘స్లాప్’ అయితే 1700ల నుంచీ ఉంది. మొదట మెత్తటి బురద, తర్వాత పందులకు పోసే కుడితి, ఇప్పుడు ఏఐతో కుప్పలుగా తయారయ్యే నాసిరకం వీడియోలు, రాతలు. పాత మాటకు కొత్త పని దొరకడమే నాకు వీటన్నిటిలో ఎక్కువ నచ్చే సంగతి.

నిజంగా కొత్తవీ లేకపోలేదు. 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పతీ ఒక పోస్టులో రాసిన ‘వైబ్ కోడింగ్’ (మామూలు మాటల్లో చెప్పి ఏఐతో ప్రోగ్రాం రాయించుకోవడం) అదే ఏడాది కాలిన్స్ పదమైంది.

అపోహ: ఏడాదికి ఒకే అధికారిక పదం ఉంటుంది.

అలాంటి అధికారం ఎవరికీ లేదు. 2023నే చూడండి: ఆక్స్‌ఫర్డ్ ‘రిజ్’ (ఎదుటివారిని ఆకట్టుకునే గుణం), కేంబ్రిడ్జ్ ‘హాలూసినేట్’ (ఏఐ లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం), మెరియం-వెబ్‌స్టర్ ‘అథెంటిక్’ (అసలైన), కాలిన్స్ ‘ఏఐ’. ఒకరు జనం ఏ మాటకు అర్థం ఎక్కువగా వెతికారో చూస్తారు, ఇంకొకరు వాడుక ఎంత పెరిగిందో చూస్తారు. 2022లో ఆక్స్‌ఫర్డ్ తుది ఎంపికను జనానికే వదిలేసింది. 3 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, ‘గాబ్లిన్ మోడ్’ (ఎవరేమనుకుంటారో అన్న మొహమాటం లేకుండా బద్ధకంగా, చిందరవందరగా గడపడం) గెలిచింది.

అపోహ: ఎంపికైందంటే మంచి ఇంగ్లిష్ అని ముద్ర పడినట్టే.

2015లో ఆక్స్‌ఫర్డ్ ఎంచుకున్నది పదం కూడా కాదు, ఆనందబాష్పాల ఎమోజీ. 2025లో డిక్షనరీ.కామ్ ఎంచుకున్న ‘సిక్స్ సెవెన్’కు స్థిరమైన అర్థమే లేదు. ఆ ఏడాది జనం నోళ్లలో ఏం నలిగిందో నమోదు చేయడం వరకే ఈ ఎంపిక. అమెరికా వెళ్లబోయే పిల్లలు వీటిని బట్టీ పట్టాలేమో అని టెన్షన్ పడే తల్లిదండ్రులకు ఒకటే చెబుతాను: వింటే అర్థమైతే చాలు. జీఆర్ఈ వ్యాసంలోనో, యూనివర్సిటీకి రాసే ఉత్తరంలోనో ‘రిజ్’ వాడితే నష్టమే.

అపోహ: స్లాంగ్ అంతా టిక్‌టాక్ పిల్లల సృష్టి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇది. ఇవాళ్టి ఇంగ్లిష్ స్లాంగ్‌లో పెద్ద భాగం నల్లజాతి అమెరికన్లు తమలో తాము మాట్లాడుకున్న భాష. ‘వోక్’ సంగతే తీసుకోండి. 1931లో అలబామాలో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ల మీద అత్యాచారం కేసు అన్యాయంగా బనాయించారు. ఆ కేసు మీద పాట కట్టిన గాయకుడు లెడ్ బెల్లీ, 1938 నాటి రికార్డింగులో, ఆ ప్రాంతానికి వెళ్లే తనవాళ్లను ‘స్టే వోక్’ (మెలకువగా, అప్రమత్తంగా ఉండండి) అని హెచ్చరించాడు. ప్రాణభయంతో చెప్పిన జాగ్రత్త అది. ఆ అర్థంలో ‘వోక్’ ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువుకు ఎక్కింది మాత్రం 2017లో. ఇవాళ చాలామంది దాన్ని తిట్టులా వాడుతున్నారు, మన తెలుగు గ్రూపుల్లో కూడా. వాడేముందు ఆ చరిత్ర తెలుసుకోవాలని గట్టిగా కోరతాను.

అపోహ: తెలుగులో కొత్త మాటలు పుట్టవు, అందుకే మనకు ఏడాది పదం లేదు.

ఆక్స్‌ఫర్డ్ హిందీకి కొన్నేళ్లు ఎంపిక చేసింది: 2017లో ‘ఆధార్’, 2018లో ‘నారీ శక్తి’. తెలుగులోనూ మాటలు పుడుతూనే ఉన్నాయి, నమోదు చేసేవాళ్లే తక్కువ. ఏ మాట ఏ నెలలో ఎంత పెరిగిందో చూపించే తెలుగు సమాచారం ఇంతవరకు నా చేతికి అందలేదు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు కూడా, 1879లో సంపాదకుడు జేమ్స్ మర్రే పిలుపు అందుకుని మామూలు పాఠకులు చీటీల మీద రాసి పంపిన ఉదాహరణలతోనే పెరిగింది. మీ ఊళ్లో, కాలేజీలో కొత్త మాట వినిపిస్తే వాక్యం మొత్తం రాసుకోండి. పక్కన తేదీ, ఊరు, అన్నవారి వయసు వేయండి. అర్థం తర్వాత తేల్చుకోవచ్చు.