నీరసంగా ఉన్న పిల్లకి ఏ పరీక్షలు అడగాలి? థైరాయిడ్, ఐరన్, విటమిన్ల మీద అపోహలు – వాస్తవాలు

కోనసీమలో పిల్లల వైద్యం చేస్తున్నాను. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు చాలామంది జంకుతూనే అడుగుతారు: "థైరాయిడ్ టెస్టు రాస్తారాండీ? అడిగితే ఏవనుకుంటారో అని..." అడగండమ్మా, తప్పులేదు. పిల్ల తిండి తగ్గిందో, మాట తగ్గిందో ముందు కనిపెట్టేది మీరే. అయితే ఏ పరీక్ష ఎందుకో, వచ్చిన అంకెతో ఏం చేయాలో తెలిసి అడిగితే డబ్బూ వృథా కాదు, జబ్బూ దాటిపోదు.

అపోహ: "ఈ వయసులో నీరసం మామూలే. ఫోన్ లాక్కుంటే అదే పోతుంది."

నిద్ర చాలక వాడిపోయే పిల్లలు ఉన్నారు. సెలవుల్లో నాలుగు రోజులు కంటినిండా నిద్రపోతే వాళ్ళు తేరుకుంటారు. నిద్రపోయినా తేరుకోని పిల్లని పరీక్షించాలి. థైరాయిడ్ మందగిస్తే ఎదిగే వయసులో పొడవు పెరగడం నెమ్మదిస్తుంది. అందుకే పన్నెండు, పదమూడేళ్ళ పిల్ల వస్తే "పోయినేడు కుట్టించిన యూనిఫాం పొడవు ఇంకా సరిపోతోందా?" అని అడుగుతాను. ఆ వయసులో అది పొట్టి అయిపోవాలి. తర్వాత గ్లాసుతో నీళ్ళిచ్చి, తల కొంచెం వెనక్కి వాల్చి గుటక వేయమంటాను. మెడ కింది భాగంలో ఉబ్బు గుటకతో పాటు లేచి దిగిందంటే అది థైరాయిడ్ గ్రంథి. వీటికి తోడు మలబద్ధకం, చలికి ఓర్చుకోలేకపోవడం, చర్మం పొడిబారడం, నెలసరి తేడాలు, ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో థైరాయిడ్ ఉండటం చూస్తాను. ఇవి ఉంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయమని పురమాయించే హార్మోన్, గ్రంథి మందగిస్తే ఇది పెరుగుతుంది), ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) రెండూ రాస్తాను. బాగా తింటున్నా చిక్కిపోతూ, చేతులు వణుకుతూ, గుండె దడదడలాడుతున్నా అవే పరీక్షలు, అది థైరాయిడ్ అతిగా పనిచేయడం కావొచ్చు.

ఒకదానికి మాత్రం ఆగకండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కలిసి కనిపిస్తే ఆ రోజే షుగర్ చూపించాలి. పిల్లల్లో వచ్చే టైప్ 1 షుగర్ కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: "హిమోగ్లోబిన్ 12 దాటింది. రక్తం బాగానే ఉంది."

నేను ఎక్కువగా చూసేది ఇదే. ఒంట్లో ముందు ఐరన్ నిల్వ కరిగిపోతుంది, హిమోగ్లోబిన్ పడేది ఆ తర్వాత. గాదె అడుగంటినా వంటింటి డబ్బాలో నాలుగు రోజులకి బియ్యం ఉన్నట్టు. నిల్వ ఎంతుందో చెప్పేది ఫెర్రిటిన్. టీనేజి పిల్లల్లో అది మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల కంటే తగ్గితే నిల్వ లేనట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెర్రిటిన్ లేనిపోని ఎత్తు చూపిస్తుంది కాబట్టి ఒళ్ళు కుదుటపడ్డాక చేయించండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ నిల్వలు మాత్రమే తగ్గినవాళ్ళు ఈ లెక్కలోకి రారు.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అది రక్తహీనత రాకుండా కాపాడడానికి. వచ్చేశాక వారానికొకటి చాలదు. విరేచనం నల్లగా అవుతోందనీ, వేడి చేసిందనీ మాత్ర ఆపేసేవాళ్ళే ఎక్కువ. ఆ నలుపు ఐరన్‌దే, భయం లేదు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోనివ్వండి, నిమ్మరసం తోడిస్తే ఇంకా మంచిది. టీ, కాఫీలు మాత్రం రెండు గంటలు దూరం. హిమోగ్లోబిన్ మామూలుకొచ్చాక కూడా మరో రెండు మూడు నెలలు వాడితేనే నిల్వ నిండుతుంది.

ఐరన్ ఎటు పోతోందో కూడా వెతకాలి. నెలసరి ఏడు రోజులు దాటుతోందా, గడ్డలు పడుతున్నాయా, గంట గంటకీ ప్యాడ్ మార్చాల్సి వస్తోందా అని పిల్లనే అడుగుతాను. తల్లికి కూడా తెలియని సంగతులు అప్పుడు బయటికొస్తాయి. చేలల్లో, గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకి కొంకిపురుగులు పట్టే వీలుంది. పురుగులకిచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేశారో లేదో కనుక్కోండి. ఎర్రకణాలు చిన్నవిగా ఉండి ఫెర్రిటిన్ మాత్రం బాగుంటే తలసీమియా లక్షణం (ట్రెయిట్, అమ్మానాన్నల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపం) ఉందేమో చూడాలి. దానికి ఐరన్ ఎంత పోసినా లాభం లేదు.

అపోహ: "టీఎస్‌హెచ్ ఎక్కువొచ్చింది. ఇక బతికినంతకాలం మాత్రే."

4.5కీ 10కీ మధ్య వచ్చి, ఫ్రీ టీ4 మామూలుగా ఉంటే చాలామంది పిల్లల్లో అది దానంతటదే సర్దుకుంటుంది. ఒళ్ళు పెరిగినా, జబ్బు నుంచి లేస్తున్నా టీఎస్‌హెచ్ కాస్త పెరుగుతుంది. రెండు మూడు నెలలాగి మళ్ళీ చేయించి, యాంటీ టీపీవో (ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మీద పడుతోందా అని చెప్పే పరీక్ష) కూడా చూస్తే దారి తెలుస్తుంది. పైగా రిపోర్టు మీద అచ్చయ్యేది చాలాసార్లు పెద్దవాళ్ళ హద్దు.

టీఎస్‌హెచ్ 10 దాటి, టీ4 తగ్గితే మాత్రం మాత్ర వాయిదా వేయకండి. "రేపు సంబంధాలు చూడాలండీ, మాత్ర వాడుతుందని తెలిస్తే..." అని గొంతు తగ్గించి అడిగే తల్లులున్నారు. మాత్రలో ఉన్నది ఒంట్లో తయారయ్యే హార్మోనే. సరిగా వాడితే పెళ్ళికీ పిల్లలకీ అడ్డు రాదు, దాచిపెట్టి మానేస్తేనే చేటు. పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట తర్వాతే కాఫీ. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. డోసు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ పరీక్ష.

అపోహ: "సముద్రం పక్కన ఉన్నాం, చేపలు తింటాం. మనకి థైరాయిడ్ రాదు."

మనం రోజూ తినే శీలావతి, బొచ్చె చెరువు చేపలు. సముద్రపు చేపల్లో ఉన్నంత అయోడిన్ వీటిలో ఉండదు. వంటకి అయోడిన్ ఉప్పే వాడండి. ఇప్పుడు టీనేజిలో ఎక్కువగా కనిపించే హషిమోటో అనే థైరాయిడ్ జబ్బు అయోడిన్ లోపం వల్ల వచ్చేది కాదు. ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథిని దెబ్బతీయడం వల్ల వస్తుంది. ఉడికించిన క్యాబేజీని దీనికోసం మానేయక్కర్లేదు.

అపోహ: "ఫుల్ బాడీ ప్యాకేజీ చేయిస్తే ఏదో ఒకటి తేలుతుంది."

తేలుతుంది, అదే గొడవ. ల్యాబు హద్దుల్ని సాధారణంగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడేలా గీస్తారు. అంటే 60 పరీక్షలు చేస్తే ఏ జబ్బూ లేని పిల్లకీ సుమారు మూడు గీత దాటి రావచ్చు. ఆ మూడింటి వెంట పడి అసలు బాధని వదిలేస్తారు. మొదటి విడతకి సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్, షుగర్, మూత్రం, లక్షణాల్ని బట్టి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చాలు. థైరాయిడ్‌కి పరగడుపున వెళ్ళనక్కర్లేదు. కానీ జుట్టుకోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే చెప్పండి. అవి టీఎస్‌హెచ్‌ని తక్కువగా చూపించగలవు. రెండు మూడు రోజుల ముందు ఆపితే సరిపోతుంది.

విటమిన్ బి12 అడగడంలో అర్థముంది. 2016–18 జాతీయ పోషకాహార సర్వేలో టీనేజి పిల్లల్లో 31 శాతం మందికి అది తక్కువని తేలింది. మాంసం, చేప, గుడ్డు ముట్టక, పాలు కూడా అంతంతమాత్రంగా తాగే పిల్లకీ, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కే పిల్లకీ తప్పక చూడాలి. మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన బడి భోజనంలో గుడ్డు పెడుతున్నారు. పిల్ల అది తింటోందో, పక్కవాళ్ళకిచ్చేస్తోందో కనుక్కోండి.

విటమిన్ డి సాచెట్లు మాత్రం సొంతంగా కొనకండి. ఒక్కోదాంట్లో 60,000 యూనిట్లు ఉంటాయి. రాసిన వారాలు కాగానే ఆపాలి. నెలల తరబడి తాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీలకి దెబ్బ.

అపోహ: "రిపోర్టులన్నీ నార్మల్. ఇక నటనే."

నార్మల్ అంటే మనం వెతికిన చోట జబ్బు లేదని, అంతే. నీరసం నిజమే. దగ్గు, సాయంత్రపు జ్వరం ఉంటే టీబీ కోసం చూడాలి. లేకపోతే పిల్లతో ఒంటరిగా మాట్లాడాలి. హాస్టల్లో ఏం జరుగుతోంది, అన్నం ఎందుకు వదిలేస్తోంది, ఏడుపు వస్తోందా, బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. దిగులు కూడా వైద్యానికి తగ్గే జబ్బే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలని ఉందని పిల్ల అంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.