ఐదు వాట్లతో ఎంత దూరం? హామ్ రేడియోపై అపోహలు – వాస్తవాలు

అపోహ: దూరం మాట్లాడాలంటే పవర్ ఎక్కువ కావాలి

హామ్ రేడియో అంటే ప్రభుత్వ లైసెన్స్ తీసుకుని, సొంత రేడియో సెట్‌తో దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడుకునే హాబీ. ఇందులో కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లు సెట్ కొనేముందు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?" అనే. ఒక్కసారి లెక్క వేసి చూడండి. వంద వాట్ల చోట ఐదు వాట్లు వాడితే పవర్ ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది. సిగ్నల్ బలం తేడాను కొలిచే డెసిబెల్స్‌లో చెప్పాలంటే 13 తగ్గినట్టు. సిగ్నల్ బలం చూపే అవతలివాళ్ల మీటర్ మీద ఒక మెట్టు, అంటే ఒక ఎస్ యూనిట్, 6 డెసిబెల్స్. అంటే ఎస్9గా వినబడాల్సిన మనం ఎస్7 దగ్గర వినబడతాం. అక్కడ రేడియోలో గోల (నాయిస్) మరీ ఎక్కువగా లేకపోతే మాట హాయిగా అర్థమవుతుంది.

అదే డబ్బు, శ్రమ యాంటెన్నా మీద పెడితే రెండువైపులా లాభం. పిట్టగోడ మీద పడున్న తీగను వెదురు బొంగుకు కట్టి పైకి లేపితే మన సిగ్నల్ బాగా వెళ్తుంది, వాళ్ల సిగ్నల్ మనకు బాగా వస్తుంది. వాట్లు పెంచితే మన గొంతే పెద్దదవుతుంది తప్ప వినికిడి పెరగదు.

పవర్ గురించి ఇంకా అనుమానం ఉంటే అతి తక్కువ పవర్ సిగ్నల్ ఎంత దూరం చేరిందో చూపే విస్పర్ (WSPR) పద్ధతిని ప్రయత్నించండి. దీన్ని 2008లో తెచ్చిన జో టేలర్, 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రేడియో ఖగోళ శాస్త్రవేత్త. సరిసంఖ్య నిమిషం మొదలవగానే సెట్ మన కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు), గ్రిడ్ (మనం ఉన్న చోటు కోడ్), పవర్ ఎంతో మాత్రమే దాదాపు 110 సెకన్లపాటు నిదానంగా పంపుతుంది. సిగ్నల్ వెడల్పు 6 హెర్ట్జ్. మన చెవికి హోరు తప్ప ఏమీ వినబడని చోట కూడా కంప్యూటర్ దాన్ని పట్టేస్తుంది. డాబా మీది పది మీటర్ల తీగకు 0.2 వాట్లు ఇచ్చి 14 మెగాహెర్ట్జ్‌లో వదిలితే, యూరప్ స్టేషన్లు విన్నట్టు ఇంటర్నెట్‌లోని మ్యాప్ మీద గీతలు పడతాయి. పొద్దున లేవగానే ఆ మ్యాప్ చూడకుండా నేను కాఫీ ముట్టను.

ఆ గీతలు గంటగంటకూ మారతాయి. పగలు అయనోమండలంలోని (రేడియో తరంగాలను తిప్పి పంపే పై వాతావరణంలోని) డి పొర తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లను మింగేస్తుంది కాబట్టి 7 మెగాహెర్ట్జ్‌లో మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి బెంగళూరు, చెన్నై వరకే మాట్లాడుకుంటాం. సూర్యుడు దిగాక ఆ పొర మాయమై, పైనున్న ఎఫ్ పొర ఆసరాతో అదే సెట్, అదే తీగ వేల కిలోమీటర్లు వెళ్తాయి. దూరాన్ని తేల్చేది వేళ, బ్యాండ్, యాంటెన్నా. వాట్ల సంగతి వాటి తర్వాతే. చిన్న పవర్‌తో పనిచేసేవాళ్లకు ఇది త్వరగా ఒంటబడుతుంది, అందుకే కొత్తవాళ్లను తక్కువ వాట్లతోనే మొదలుపెట్టమంటాను.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల హాబీ

కొనుక్కుంటూ పోతే ఏ హాబీ అయినా అంతే. కానీ ప్రపంచమంతా సొంతంగా కట్టుకున్న బిట్‌ఎక్స్ సెట్‌ను డిజైన్ చేసిన అష్హర్ ఫర్హాన్ మన హైదరాబాదీ. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికను నెలకొల్పినవాళ్లలోనూ ఆయన ఉన్నారు. మొదటి బిట్‌ఎక్స్‌లో కాయిల్స్ చుట్టడానికి ఆయన వాడినవి నల్లా వాషర్లు! కాయిల్ చుట్టే విదేశీ టొరాయిడ్లు (ఉంగరం ఆకారపు కోర్లు) దొరకలేదని ఆగిపోకుండా, బజారులో ఉన్నదాంతో పనిచేసే సర్క్యూట్ గీశారు. నాకు ఈ హాబీలో అన్నిటికంటే గర్వంగా అనిపించే విషయం ఇది. కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు, కనెక్టర్లు చాలావరకు దొరుకుతాయి. టంకం పెట్టడం వచ్చినవాళ్లకు సగం ఖర్చు తప్పినట్టే.

అపోహ: అపార్ట్‌మెంట్‌లో కుదరదు, టవర్ కావాలి

14 మెగాహెర్ట్జ్ డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే తీగ యాంటెన్నా) పొడవు పది మీటర్లే. మధ్యలో ఎత్తుగా కట్టి రెండు చివరలు కిందికి వాలిస్తే ఒక్క బొంగు చాలు. దూరం నుంచి చూసేవాళ్లకు దండెంలా ఉంటుంది. పండక్కి ముందు మాత్రం ఒకసారి పైకెళ్లి చూసుకోండి. సంక్రాంతికి తెగిన మాంజా చుట్టుకుని తీగ లాగేస్తుంది.

మన నగరంలో అసలు ఇబ్బంది గోల. నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, లిఫ్ట్ డ్రైవ్‌లు మనం వాడే హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) బ్యాండ్లలో ఎడతెగని బర్రుమనే శబ్దం చిమ్ముతాయి. మీ సెట్‌ను బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ ఆఫ్ చేసి వినండి. గోల తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో ఎంసీబీ వేసుకుంటూ పోతే దొరుకుతాడు.

అపోహ: రేడియేషన్ ప్రమాదం

సొసైటీ మీటింగుల్లో ఇది తప్పకుండా వస్తుంది. విస్పర్‌లో వాడే 0.2 వాట్లు, జేబులోని 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపే పవర్ దాదాపు ఒకటే. కాకపోతే ఫోన్ చెవికి ఆనుకుని ఉంటుంది, యాంటెన్నా డాబా మీద ఉంటుంది. వంద వాట్లు వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. పంపుతున్నప్పుడు తీగ చివర తాకితే చర్మం కాలుతుంది, కాబట్టి పిల్లల చేతికి అందకుండా కట్టండి. ఉరుములు మొదలైతే కేబుల్ ఊడదీయండి.

అపోహ: మొబైల్ వచ్చాక దీంతో పనేముంది?

26 డిసెంబర్ 2004న సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ బృందం హామ్ రేడియో సెట్లతో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. మన నగరంలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన బృందం అది. ఫోన్లు పడిపోయిన ఆ రోజుల్లో అండమాన్ నుంచి ఎన్నో కబుర్లు వాళ్ల సెట్ల మీదుగా మెయిన్‌లాండ్‌కు వచ్చాయి. టవర్లు, ఫైబర్ ఏవీ లేకుండా బైక్ బ్యాటరీ మీద నడిచే ఐదు వాట్ల సెట్‌ను తక్కువ అంచనా వేయకండి.

అపోహ: ఇంజినీరింగ్ చదవాలి, మోర్స్ రావాలి

పన్నెండేళ్లు నిండినవాళ్లు ఎవరైనా పరీక్ష రాయొచ్చు. లైసెన్స్‌లో మొదటి మెట్టైన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ (చుక్కలు, గీతల కోడ్) అక్కర్లేదు, బేసిక్ ఎలక్ట్రానిక్స్, నియమాలు తెలిస్తే చాలు. దరఖాస్తు టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో. లైసెన్స్ వచ్చాక కూడా వ్యాపారం మాట్లాడటం, పాటలు ప్రసారం చేయడం, రహస్య కోడ్ వాడటం కుదరవు. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అని వాకీటాకీ కొని, లైసెన్స్ లేకుండా మైక్ నొక్కకండి. అంతవరకు వినాలని ఉంటే నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వెబ్ ఎస్‌డీఆర్ (బ్రౌజర్‌లోనే వినే రేడియో) తెరవండి. 14 మెగాహెర్ట్జ్‌కు తిప్పి, సాయంత్రం పూట వీయూ2, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్‌ల కోసం చెవి పెట్టండి. అవి మనవాళ్లవే.