చెయ్యి పడిపోతే గుండెకు ఎకో ఎందుకు?

బెంగళూరులో న్యూరో ఓపీ (మెదడు, నరాల జబ్బులు చూసే చోటు) బయట కాసేపు కూర్చుంటే చాలు, తెలుగు వినిపిస్తుంది. హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లు కొందరు, తరాలుగా ఈ నగరంలోనే ఉన్నవాళ్లు ఇంకొందరు. వాళ్లలో చాలామందికి ఒకటే అనుమానం. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయిందని తీసుకొస్తే తలకు స్కానింగ్ తీశారు, సరే. గుండెకు ఈసీజీ, ఎకో దేనికి? ఒంటికి వైర్లు అంటించి రోజంతా తిప్పుతూ గుండె లయ రాసుకునే ఆ హోల్టర్ దేనికి? బిల్లు పెంచడానికేనా? ప్రతిచోటా ఆ అనుమానం తప్పేనని నేను పూచీ పడలేను. కానీ ఆ పరీక్షల వెనక చాలా పాత కథ ఉంది.

మన ఊళ్లలో ఈ పక్షవాతాన్ని, అంటే డాక్టర్లు స్ట్రోక్ అనేదాన్ని, ‘వాతం కమ్మింది’, ‘గాలి సోకింది’ అనేవారు. చచ్చుబడింది కాలూ చెయ్యీ కాబట్టి వైద్యం కూడా అక్కడే చేశారు. పావురం రక్తంతో మర్దన చేయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో యొహాన్ యాకోబ్ వెప్ఫర్ అనే వైద్యుడు పక్షవాతంతో పోయినవాళ్ల తలలు కోసి చూసి, మెదడులో రక్తం కారడం వల్ల ఇది వస్తుందని 1658లోనే రాశాడు. 19వ శతాబ్దం మధ్యలో జర్మనీలో రుడాల్ఫ్ విర్కో ఇంకో ముడి విప్పాడు. రక్తపు గడ్డ ఒకచోట పుట్టి, ప్రవాహంలో కొట్టుకుపోయి, ఎక్కడో సన్నని నాళంలో ఇరుక్కోవచ్చని చూపించాడు. గుండెలో పుట్టిన గడ్డ మెదడును దెబ్బతీయగలదన్న ఆలోచనకు బలం అక్కడ దొరికింది.

చిక్కేమిటంటే, ఇదంతా మనిషి పోయాక తెలిసేది. బతికున్న రోగి తలలో రక్తం కారిందా, గడ్డ అడ్డుపడిందా అన్నది మంచం పక్కన నిలబడి ఊహించడమే. 1971 అక్టోబరు 1న లండన్‌లో ఒక రోగి తలకు మొట్టమొదటి సీటీ స్కాన్ తీశారు. దాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు, లెక్కలు కట్టిన అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ వచ్చింది. అయినా చాలా ఏళ్లపాటు స్కాన్‌లో తేడా తెలిసినా వైద్యంలో పెద్ద తేడా ఉండేది కాదు. 1995 డిసెంబరులో అమెరికా పరిశోధకులు గడ్డను కరిగించే టీపీఏ ఇంజెక్షన్ ఫలితాలు ప్రకటించాక అసలు టెన్షన్ మొదలైంది. లక్షణాలు మొదలైన 3 గంటల్లో ఇవ్వాలన్నారు. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. రక్తం కారిన మనిషికి అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఇంకేం చేయకముందే సీటీకి తోస్తారు.

గుండె వైపు కథ నిదానంగా నడిచింది. కీళ్లవాతం జ్వరంతో వాల్వు పాడైనవాళ్లలో గుండె లయ తప్పితే, లోపల రక్తం నిలిచి గడ్డకట్టి, పక్షవాతం వస్తుందని డాక్టర్లకు ముందే తెలుసు. మన దేశంలో అలాంటి వాల్వు జబ్బులకు కొదవ లేదు; వాల్వు సంగతి చూపించేది ఎకోనే. వాల్వు బాగానే ఉండి, లయ మాత్రం తప్పితే? అది పెద్ద ప్రమాదం కాదనుకునేవారు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని 1948 నుంచి గమనిస్తూ వచ్చిన పరిశోధకులు 1978లో లెక్క తేల్చారు. వాల్వు బాగున్నా సరే, లయ తప్పినవాళ్లకు పక్షవాతం ముప్పు 5 రెట్లకు పైనే. వాల్వు కూడా చెడితే 17 రెట్లు.

ఈ లయ తప్పడం రోజంతా ఉండదు, అదీ దానితో వచ్చిన తంటా. ఎప్పుడో కాసేపు గుండె దడదడలాడి, మళ్లీ మామూలైపోతుంది. ఈసీజీ పట్టేది పది సెకన్ల సంగతి. ఆ పది సెకన్లూ గుండె బుద్ధిగా కొట్టుకుంటే కాగితం మీద ‘నార్మల్’. కారణం దొరకని స్ట్రోక్ వచ్చినవాళ్లకు ఛాతీలో చర్మం కింద చిన్న పరికరం అమర్చి చూసిన పరిశోధన ఒకటి 2014లో వచ్చింది. ఏడాదిలో 12.4 శాతం మందిలో లయ తప్పడం దొరికింది. మామూలు పరీక్షలతో వదిలేసినవాళ్లలో దొరికింది 2 శాతం. దొరికితే మందు మారిపోతుంది. ఆస్పిరిన్ సరిపోదు, రక్తం గడ్డకట్టకుండా ఆపే గట్టి మందులు కావాలి. హోల్టర్ అడిగేది అందుకే.

బెంగళూరువాసులకు చిరునామాలు కంఠతా వచ్చు: మెదడుకు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్, గుండెకు బన్నేరుఘట్ట రోడ్డులో జయదేవ. నిమ్హాన్స్ మూలాలు మైసూరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఉన్నాయి. ఆ ఆసుపత్రినీ, 1954లో మొదలైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనూ 1974లో కలిపి ఇప్పటి సంస్థను చేశారు. ‘అక్కడికి తీసుకెళ్తే పిచ్చి అనుకుంటారేమో’ అని పక్షవాతం రోగిని పట్టుకుని జంకే పెద్దవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. గుండె డాక్టరు, మెదడు డాక్టరు వేరువేరుగా ఎదిగిన చదువులు. ఒకరి ఫైలు ఇంకొకరికి చేర్చే పని ఏ నగరంలోనైనా చాలాసార్లు రోగి కొడుకు చేతి సంచీ మీదే పడుతుంది.

మిషన్లు ఇంత ముందుకెళ్లినా, దెబ్బ ఎంతన్నది తేల్చడానికి ఇప్పటికీ రోగిని పలకరించాల్సిందే. స్ట్రోక్ తీవ్రతకు మార్కులు వేయడానికి ప్రపంచమంతా వాడే ఎన్ఐహెచ్ స్ట్రోక్ స్కేలు 1989లో అమెరికాలో అచ్చయింది. చేతులు చాచి 10 సెకన్లు ఎత్తి పట్టుకోమంటారు, కాలు 5 సెకన్లు. అంతవరకూ ఏ దేశమైనా ఒకటే. ‘ఇది ఏ నెల? మీ వయసెంత?’ అని అడిగేదగ్గర వస్తుంది పేచీ. కదిరి అవ్వ ‘శ్రావణం’ అంటుంది. ఆగస్టు అనలేదని తప్పు వేద్దామా? వయసు అడిగితే ‘ఏమో నాయనా, పెద్ద కరువప్పటికి పాలు తాగుతున్నానంట’ అంటుంది. ఆమె మెదడు చెక్కుచెదరలేదని మనకు తెలుస్తుంది, స్కేలుకు తెలియదు. పేర్లు చెప్పమని చూపించే బొమ్మల్లో చేతి గ్లవ్, చెట్లకు కట్టే వల ఊయల ఉంటాయి. చదవమనే మాటల్లో ‘బేస్‌బాల్ ప్లేయర్’ ఉంటుంది. మొత్తం 42 మార్కుల్లో 7 భాషకు సంబంధించినవే.

భాష సంగతి మనవైపు నుంచి చూసినవాళ్లలో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి ఒకరు. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగులను పరిశీలించి, రెండు భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం మందికి జబ్బు తర్వాత ఆలోచనాశక్తి మామూలుగానే ఉందని, ఒకే భాష వచ్చినవాళ్లలో అది 19.6 శాతమేనని ఆమె బృందం 2016లో ప్రకటించింది. ఆ తర్వాత ఆమె పని బెంగళూరు నిమ్హాన్స్‌కు మారింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడే బెంగళూరు తెలుగువాళ్లకు ఇది సంతోషించాల్సిన వార్తే, అయితే అదొక్కటే బీమా అనుకుంటే కష్టం. జ్ఞాపకశక్తినీ ఆలోచననూ పరీక్షించడానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళాల్లో ఒక పరీక్షల సంపుటి తయారుచేయించింది. రోగి కుదుటపడ్డాక, తీరిగ్గా కూర్చోబెట్టి చేసేవి అవి. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో మాత్రం డాక్టరు కన్నడంలోనో ఇంగ్లిష్‌లోనో అడుగుతాడు, పక్కనున్న కొడుకో కోడలో తెలుగులోకి మార్చి చెబుతారు, అమ్మ ఏమందో మళ్లీ డాక్టరుకు చెబుతారు.