పక్షవాతం వచ్చిన మనిషిని ఇంట్లో చూసుకోవడం: అపోహలు – వాస్తవాలు

డిశ్చార్జి రోజు ఏ గోలీ ఎప్పుడు వేయాలో చెప్పి చీటీ చేతిలో పెడతారు. మనిషిని మంచం మీద ఎలా తిప్పాలో, నీళ్లు ఎలా తాగించాలో, పడిపోయిన చేతిని ఎట్లా పట్టుకోవాలో మాత్రం చాలాచోట్ల ఎవరూ చేసి చూపించరు. మహబూబ్‌నగర్, దేవరకద్ర, నారాయణపేట వైపు ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. ప్రేమ లేక కష్టపడుతున్న ఇల్లు నాకు అరుదుగా కనిపిస్తుంది. నేర్పేవాళ్లు లేక కష్టపడుతున్న ఇళ్లే ఎక్కువ.

అపోహ: సొంత మనిషిని చూసుకోవడానికి నేర్చుకునేదేముంది?

చాలా ఉంది. ముందు భుజం సంగతి చూడండి. భుజం కీలును ప్రధానంగా కండరాలే పట్టి ఉంచుతాయి. పక్షవాతంతో అవి వదులైతే చేతి బరువుకే ఎముక కిందికి జారుతుంది. భుజం చివర వేలు పెట్టి నొక్కితే చిన్న సందు తగులుతుంది. అలాంటి చేతిని పట్టుకుని "లేవు, లేవు" అని గుంజితే కీలు దెబ్బతిని నొప్పి మొదలవుతుంది. ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది. నొప్పికి భయపడి మనిషి వ్యాయామం మానేస్తాడు, చెయ్యి బిగుసుకుపోతుంది. చంకలో చెయ్యి వేసి పైకి లేపినా ఇదే ప్రమాదం.

మంచం నుంచి కుర్చీకి మార్చే సరైన పద్ధతి ఇది. కుర్చీని బలమున్న కాలు వైపు, మంచానికి ఆనించి పెట్టండి. మనిషిని మంచం అంచుకు జరిపి, పాదాలు రెండూ నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. నడుముకు పాత చీరనో తువ్వాలునో మడిచి గట్టిగా కట్టి, దాన్ని పట్టుకోండి. పడిపోయిన కాలి మోకాలికి మీ మోకాలు అడ్డం పెట్టండి. తల ముందుకు వంచమని చెప్పి, ముందుకు వాలాకే లేపండి. వంగాల్సింది మీ మోకాళ్లు, నడుము కాదు. ఒక్కరి వల్ల కాకపోతే ఇంకొకరిని పిలవండి, ఇందులో మొహమాటం వద్దు.

నులక మంచం మీద ఇవేవీ కుదరవు. నడుము లోపలికి కుంగిపోతుంది, పక్కకు తిప్పడమే కష్టం. చెక్క మంచమో ఇనుప మంచమో, దాని మీద మంచి పరుపో చూడండి. కదల్లేని మనిషికి ఒత్తిడి వల్ల పుండ్లు పడకుండా కనీసం రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడల్లా మడమలు, పిరుదుల పైభాగం, తుంటి ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందా అని చూడాలి. ఎర్రబడితే రుద్దకండి, ఆ చోట బరువు పడకుండా చూడండి. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు, విప్పేటప్పుడు దానికి చివర.

అపోహ: అన్నం మింగలేకపోయినా నీళ్లు, పాలు పోయొచ్చు

నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది దీనికే. గొంతు కండరాలు బలహీనపడినప్పుడు పలుచని ద్రవం వేగంగా జారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిమోనియా వస్తుంది. తాగాక దగ్గు రావడం, గొంతు గరగరమనడం, తిన్న తర్వాత ఆయాసం, మళ్లీ మళ్లీ జ్వరం, ఇవన్నీ గుర్తులు. కొందరికి దగ్గు కూడా రాదు. అందుకే ఆసుపత్రిలో మింగే పరీక్ష చేయించకుండా నోటికి ఏమీ ఇవ్వొద్దు. జావ ఎంత చిక్కగా ఉండాలో, అన్నం ఎంత మెత్తగా ఉండాలో ఆ పరీక్ష చేసినవాళ్లను అడగండి. పడుకోబెట్టి ఎప్పుడూ తినిపించకండి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న స్పూనుతో పెట్టండి. ఒక గుటక పూర్తయ్యాకే ఇంకొకటి. బలహీనమైన వైపు బుగ్గలో ముద్ద నిలిచిపోతుంది, చూసి తీసేయండి. తిన్నాక అరగంటైనా కూర్చోనివ్వండి. నోరు రోజూ శుభ్రం చేయండి.

అపోహ: పావురం రక్తం రాస్తే నరాల్లో చలనం వస్తుంది

రాదు. దెబ్బ తగిలింది మెదడుకు. అక్కడ రక్తనాళం మూసుకుపోవడమో చిట్లడమో జరిగింది. చెయ్యికి ఏది రాసినా అది అక్కడికి చేరదు. వేడి ఇటుకతో కాపడం ఇంకా ప్రమాదం, స్పర్శ లేని చర్మం కాలినా మనిషికి తెలియదు. నాటు మందు మొదలుపెట్టి బీపీ గోలీలు ఆపేయడం అన్నిటికంటే చేటు. మళ్లీ మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా వెంటనే 108. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపు పడాలి. అదీ స్కాన్ తీసి, సరిపోతుందని తేలినవాళ్లకే.

అపోహ: మొండికేస్తున్నాడు, బుద్ధి మందగించింది

మాట రాకపోతే మతి పోయినట్టు కాదు. చాలామందికి అర్థం చాలావరకు అవుతుంది, మాట బయటికి రాదు. అవును, కాదు అని తల ఊపగలిగే ప్రశ్నలు అడగండి, జవాబుకు టైమివ్వండి. ఆయన ముందే "ఇగ లేవడంట" అని చుట్టాలతో అనొద్దు. కారణం లేకుండా ఏడవడం, నవ్వడం కూడా మెదడు దెబ్బ వల్లే కావచ్చు. ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మందులున్నాయి, డాక్టరుకు చెప్పండి.

అపోహ: ఇంట్లోవాళ్లు నేర్చుకుంటే థెరపిస్టు అక్కర్లేదు

మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో 'అటెండ్' అనే అధ్యయనం చేశారు. ఇంట్లోవాళ్లకు నేర్పి, వాళ్ల చేతే ఇంటి దగ్గర వ్యాయామాలు చేయించారు. ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మామూలు చికిత్స మాత్రమే అందిన రోగులతో పోలిస్తే ఆరు నెలలకు మరణాల్లో, ఇతరుల మీద ఆధారపడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకని నేర్చుకోవడం వృథా అని నేననను. భుజం, పుండ్లు, మింగడం విషయంలో హాని తప్పించేది ఇంట్లో ఉన్నవాళ్లే. కానీ థెరపీ భారమంతా వాళ్ల మీద మోపకూడదు. మొదటి మూడు నెలల్లో కోలుకునే వేగం ఎక్కువ. ఆ సమయంలో థెరపిస్టు చూపు తప్పనిసరి. ఆ తర్వాతా మెరుగుదల ఉంటుంది, మధ్యలో మానకండి.

ఆ భారం పాలమూరులో చాలాసార్లు ఒక్క ఆడమనిషి మీదే పడుతుంది. కొడుకులు పుణె, ముంబైలో పనికి పోతే ఇంట్లో మిగిలేది భార్యో కోడలో. రాత్రి రెండు గంటలకోసారి లేచి, పొద్దున కూలికి పోయేవాళ్లున్నారు. అందుకే నేర్పేటప్పుడు ఇంట్లో ఉన్న అందర్నీ, మగవాళ్లను కూడా, కూర్చోబెట్టండి. పండక్కి వచ్చిన కొడుకు చేత నాలుగుసార్లు మంచం నుంచి కుర్చీకి మార్పించండి, ఆ రాత్రులు అతనే లేవాలి. చూసుకునే ఆమె బీపీ, షుగర్ కూడా ఊళ్లోని సబ్‌సెంటర్లో చూపించండి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు మంచంలో ఉన్న మనిషి గురించే కాదు, ఆమె నడుము నొప్పి, నిద్ర గురించి కూడా చెప్పుకోనివ్వండి.