నెబ్యులా ఫోటోల్లో రంగులు నిజమేనా?

నెబ్యులా, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం, దాని ఫోటో ఎవరికి చూపించినా ముందొచ్చే ప్రశ్న ఒకటే: "కంటికి కనపడనిది కెమెరాకి ఎలా కనపడింది, ఇదంతా కంప్యూటర్లో వేసిన రంగే కదా?" అడగాల్సిన ప్రశ్నే. ఏ టెలిస్కోప్ కొనాలి, ఏ లెన్స్ వాడాలి లాంటివి వదిలేద్దాం, అసలు మజా అంతా స్టాకింగ్‌లో, అంటే వందల ఫోటోల్ని ఒకటిగా కలపడంలో ఉంది.

కన్ను వెలుతురుని సెకనులో చిన్న వంతు సేపే కూడబెడుతుంది. కెమెరాలో వెలుతురు పట్టే సెన్సార్ అలా కాదు, షట్టర్ తెరిచున్నంతసేపూ పోగేసుకుంటూనే ఉంటుంది. మరి గంటసేపు తెరిచి పెట్టేస్తే సరిపోదా అంటే, ఊరి లైట్లకి ఫ్రేమంతా తెల్లగా నిండిపోద్ది, మధ్యలో గట్టి గాలొచ్చి టెలిస్కోప్ కదిలితే గంటా దండగే. అందుకే భూమి తిరిగే వేగానికి తగ్గట్టు తిరిగే మౌంట్ మీద కెమెరా పెట్టి, నిమిషం చొప్పున వందల ఫ్రేములు తీసి, చుక్క మీద చుక్క పడేలా సర్ది కలిపేస్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక పిక్సెల్‌లో నిమిషానికి నెబ్యులా నుంచి 4 ఫోటాన్లు (వెలుగు కణాలు), ఊరి వెలుగు నుంచి 400 నమోదవుతున్నాయి అనుకుందాం. ఆ 400ని సగటు కట్టి తీసెయ్యొచ్చు, కానీ అది ఎప్పుడూ కచ్చితంగా 400 ఉండదు, ఓసారి 385, ఓసారి 418, అంటే వర్గమూలమంత, దాదాపు 20, అటూ ఇటూ ఊగుద్ది. 20 ఊగేచోట 4 ఏం కనపడుద్ది? ఒక్క ఫ్రేమ్ జూమ్ చేస్తే మురికి నారింజ రంగు మీద ఇసక చల్లినట్టుంటుంది, అంతే. 100 ఫ్రేములు కలిపితే నెబ్యులా వాటా 400 అవుద్ది, ఊగుడు మాత్రం 200 దగ్గరే ఆగుద్ది, ఎందుకంటే హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటూ పోతాయి. సిగ్నల్ (నెబ్యులా వాటా) నాయిస్‌కి (ఆ ఊగుడుకి) రెట్టింపన్నమాట! 400 ఫ్రేములకి నాలుగు రెట్లు. క్వాలిటీ రెట్టింపవ్వాలంటే టైం నాలుగింతలు పెట్టాలి, ఓపికంతా ఇక్కడే కావాలి.

ఊరి వెలుగు 400 కాకుండా 40 ఉండే చోటికి వెళ్తే ఇదే లెక్కలో అక్కడి ఒక గంట ఇక్కడి తొమ్మిది గంటలతో సమానం. లడఖ్‌లోని హన్లేకి కెమెరాలేసుకుని వెళ్ళేది దీనికోసమే. మనవైపు అమావాస్యనాడు బయల్దేరొద్దంటారు గానీ, చంద్రుడి వెలుగు అసలుండని రాత్రి అదే, పిల్లలకి ఆకాశం చూపించడానికి అంతకంటే మంచి రోజు లేదు.

స్టాకింగ్‌కి లొంగని నాయిస్ కూడా ఉంది. హాట్ పిక్సెల్, అంటే వెలుతురు పడకపోయినా వెలిగే పిక్సెల్, ప్రతి ఫ్రేములో ఒకేచోట వెలుగుద్ది, వంద కలిపినా పోదు. దానికే డిథరింగ్: కొన్ని ఫ్రేములకోసారి టెలిస్కోప్‌ని నాలుగైదు పిక్సెళ్ళు పక్కకి జరుపుతారు. తర్వాత చుక్కల్ని సర్దినప్పుడు ఆ పిక్సెల్ ఒక్కోసారి ఒక్కోచోట పడుద్ది, సాఫ్ట్‌వేర్ దాన్ని ఏరేస్తుంది.

ఇక రంగులంటారా, ఆ ఎరుపు 656.3 నానోమీటర్ల దగ్గర హైడ్రోజన్ వెలుగు, ఆ నీలం కలిసిన ఆకుపచ్చ 500.7 దగ్గర ఆక్సిజన్‌ది. ఎంత గాఢంగా చూపించాలనేది తీసినవాళ్ళ ఇష్టం, వెలుగు మాత్రం అక్కడిదే. 2022లో ఫ్రాన్స్, జర్మనీలకి చెందిన అమెచ్యూర్లు పది సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో వంద గంటలకి పైగా ఫోటోలు తీసి, ఆండ్రోమెడా గెలాక్సీ పక్కన ఎవరూ గమనించని పెద్ద ఆక్సిజన్ వంపుని పట్టుకున్నారు, వేరేవాళ్ళు వేరే పరికరాలతో తీసినా అదే చోట కనపడింది. అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఆండ్రోమెడా దగ్గరుందా, మన పాలపుంతలోనే ఉందా అని ఖగోళ శాస్త్రవేత్తలు దానిమీద పేపర్లు రాస్తున్నారు.