మూరెడోళ్లలో తాత ఎవరు? క్రియేచర్ డిజైన్‌లో అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం మారతహళ్లిలో ఒక ఆంధ్రా మెస్‌లో భోంచేస్తుంటే ఒక కుర్రాడు నన్ను గుర్తుపట్టి ట్యాబ్ తెచ్చి నా విస్తరి పక్కన పెట్టాడు. "అన్నా, నా పోర్ట్‌ఫోలియో. ఒక్కసారి చూడండి." అడుగున్నర ఎత్తు మనుషులు, ఒళ్లంతా బొచ్చు, గుమ్మడికాయంత తల, ఇంతింత కళ్లు, చేతిలో డప్పు, నెత్తిన ఈక. పద్దెనిమిది బొమ్మలు. గీత బాగుంది, కాదనను. "వీళ్లలో తాత ఎవరు?" అని అడిగాను. కుర్రాడు ట్యాబ్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఈలోగా పప్పు వడ్డించే ఆయన వచ్చాడు కాబట్టి సరిపోయింది.

ఈ బెంగళూరులో పదకొండేళ్లుగా గేముల కోసం లేని జీవుల్ని కల్పించడమే నా పని. నెలకి ఒక్కరైనా ఇవే బొమ్మలు పట్టుకొస్తారు.

అపోహ: చిన్న ఒళ్లు, బొచ్చు ఉంటే చిన్నపిల్లల్లాగే గీయాలి

అందరికీ నెలలకు నెలలు, డబ్బూ పోయేది ఇక్కడే. అప్పుడే పుట్టిన బిడ్డకి తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది. పెద్దయ్యాక ఏడో వంతో, ఎనిమిదో వంతో. జాతి మొత్తానికీ నాలుగో వంతు తల పెట్టేస్తే ఇక అందులో పిల్లలెవరు, ముసలివాళ్లెవరు? పెళ్లి చూపిస్తే బొమ్మల పెళ్లి అవుతుంది. తగువు పెడితే పిల్లల కొట్లాట.

నా మొదటి పెద్ద ప్రాజెక్టులో నేను చేసిందీ అదే. మూరెడోళ్లు అని ఒక జాతిని తయారుచేశాను. కంప్యూటర్లో 3డి బొమ్మలు చేయడం (మోడలింగ్) అయింది, నడకలు అయ్యాయి, తెలుగు డైలాగులకి కూర్చున్నాం. అక్కడ ఇరుక్కున్నాం. ఊరిపెద్దని కోడలు ఏమని పిలవాలి? ఆ మొహం చూస్తే "మామయ్యగారూ" అని రాయబుద్ధి కాదు, "బుజ్జీ" అని వస్తోంది. మా సీనియర్ మైసూరు ఆయన, తెలుగు ముక్క రాదు. బొమ్మలన్నీ గోడకి అంటించి "ఇందులో తాత ఎవరు?" అన్నారు. మూడు నెలల పని మళ్లీ మొదటినుంచి. ఏ స్టూడియో అన్నది చెప్పను గానీ, ఆ మూడు నెలలూ నా ఇంక్రిమెంట్‌లో కనపడ్డాయి.

పొట్టితనం పసితనం కాదని మనకి ఒకరు చెప్పాలా? వాలఖిల్యులు బొటనవేలంత ఋషులు. ఆవు గిట్ట గుంటలో నిలిచిన నీళ్లలో అవస్థపడుతుంటే ఇంద్రుడు నవ్వాడు. ఇంకో ఇంద్రుణ్నే పుట్టిస్తామని వాళ్లు యాగం మొదలుపెట్టారు. దాని ఫలమే గరుత్మంతుడు. కథలు వద్దంటే ఎముకలున్నాయి. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో, లియాంగ్ బువా గుహలో 2003లో ఒక పాత మనిషి జాతి బయటపడింది. నిండా ఎదిగిన ఆడమనిషి ఎత్తు మూడున్నర అడుగులు, మెదడు మనదాంట్లో మూడో వంతు. ఆ గుహలోనే రాతి పనిముట్లూ దొరికాయి.

ఇక సంస్కృతి. అది ఒంటిలోంచి రావాలి. ఆరడుగుల, 64 కిలోల మనిషిని అదే పోలికతో మూరెడుకి, అంటే అడుగున్నరకి కుదించండి. ఎత్తు నాలుగో వంతు, బరువు 64వ వంతు, అంటే ఒక్క కిలో. చర్మం మాత్రం 16వ వంతు మిగులుతుంది. కిలో ఒంటికి మనకంటే నాలుగు రెట్లు చర్మం, అంత త్వరగా ఒంట్లో వేడి పోతుంది. కాబట్టి బొచ్చు సోకు కాదు. తిండి కూడా మాటిమాటికీ పడాలి, ఒక్కపూట ఉపవాసమే ఘోర తపస్సు. ఎవరైనా పోతే ఒళ్లంతా గొరిగించుకోలేరు, చలికి చస్తారు. మా మూరెడోళ్లు ఎడమ ముంజేయి ఒక్కటే గొరిగించుకుంటారు. బొచ్చన్నాక పేలు తప్పవు. ఎవరి వీపు ఎవరు చూడాలి, అత్త వీపు అల్లుడు ముట్టొచ్చా అన్న దగ్గరే మర్యాదలన్నీ పుడతాయి. మరి డప్పూ ఈకా? అవి ఎక్కడో చూసిన గిరిజనుల ఫొటోలోంచి ఎత్తుకొచ్చినవి. దయచేసి మానేయండి.

అపోహ: కళ్లు పెద్దవైతే ముద్దు

కళ్లు పెద్దవైతే రాత్రి తిరిగే జీవి. దేవాంగపిల్లిని చూడండి, పేరుకే పిల్లి, కోతులకి దూరపు చుట్టం. కన్నడంలో కాడుపాప అంటారు. బరువు పావు కిలోకి అటూ ఇటూ, మనలాంటి వేళ్లు. ఇక్కడి ఐఐఎస్సీ క్యాంపస్ చెట్ల మీదే ఉంటుంది. (దాని కళ్లతో చేతబడి చేస్తారన్న పుకారు నమ్మి దాన్ని చంపేవాళ్లున్నారు. ఒళ్లు మండుతుంది. 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో, ఉన్న జంతువది.) మీ జాతికి అలాంటి కళ్లు పెడితే సంత రాత్రిపూట పెట్టండి.

మిగతావి గబగబా. బొచ్చుంటే చలిదేశమే అక్కర్లేదు, పై జంతువే సాక్షి. గొంతు సన్నగా ఉంటుంది, నిజమే. అంతమాత్రాన భాష కిచకిచ కాదు. వేరేవాళ్ల బొమ్మని 20 శాతం మారిస్తే కాపీ కాదన్న లెక్క 1957 కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు.

కుర్రాడి సంగతి మరిచాను. చేయి కడుక్కునే దగ్గర చెప్పాడు: ఐటీ ఉద్యోగం మానేశాడు, ఇంట్లో ఇంకా తెలీదు. పద్దెనిమిదీ పారేయొద్దు, మూడు ఉంచుకుని తలలు తగ్గించు, ఒక ముసలిమనిషిని గీయి అన్నాను. ఆ టెన్షన్ నాకు తెలుసు. రాత్రి పన్నెండుకి వాట్సాప్ వచ్చింది. మూతి చుట్టూ బొచ్చు నెరిసిన అవ్వ. "అన్నా, ఈమెకి పళ్లు ఉంచాలా?"

మాటిమాటికీ తినాలి కదా, పళ్లు పోతే ఎవరు నమిలిపెడతారో ముందు తేల్చుకో అన్నాను.